జాడ తెలియనివారు

మరణించిన మనిషికి మన సంప్రదాయంలో పది దినాల కర్మ ఉన్నది, ఏటేటా తద్దినం ఉన్నది. దుఃఖానికి ఒక క్రమం, ఒక గడువు ఏర్పడి ఉన్నవి. కాని ఇల్లు విడిచి వెళ్ళిన మనిషి తిరిగి రాక, చనిపోయినాడన్న కబురూ రాక ఉన్నప్పుడు ఆ ఇంటివారు ఏమి చేయవలె? పన్నెండేండ్లు ఎదురుచూచి, ఆపైన దర్భలతో ప్రతిమ చేసి దహనం చేయవచ్చునని పెద్దలు విధించినారు. మన సాక్ష్య చట్టం ఏడేండ్ల గడువు పెట్టినది. సహజంగా అతని వార్త తెలియవలసిన వారికి ఏడేండ్లపాటు ఏ వార్తా తెలియకున్నచో, అతడు బ్రతికి ఉన్నాడనే వారే దానిని రుజువు చేయవలె. 1872 నాటి ఈ నియమం 2023లో వచ్చిన క్రొత్త చట్టంలోను నిలిచినది. ఆస్తి పంపకానికి ఈ గడువులు చాలును. ఆ ఇంటి ఇల్లాలు బొట్టు పెట్టుకొనవచ్చునా, రాత్రి వీధి తలుపు గడియ వేయవచ్చునా అన్న సందేహాలకు ఏ గడువూ చాలదు.

ఇట్టివారి పక్షాన, తమకు ఏ బంధుత్వమూ లేని మనుష్యులకోసం, ప్రతిఫలం కోరక వెదకేవారు లోకంలో ఉన్నారు. పోలీసు శాఖ ఉండగా వీరెందుకని కొందరికి తోచవచ్చును. ఠాణాలోని రిజిస్టరుకు పేరు కావలె, వయస్సు కావలె, ఊరు కావలె. ఈ మూడూ తెలిసినప్పుడే వెదకుట ఎంత శ్రమయో జెనీవా నగరం చూచినది. 1914 ఆగస్టులో, మొదటి ప్రపంచ యుద్ధం ఆరంభమైన కొద్ది వారాలకే, అంతర్జాతీయ రెడ్‌క్రాస్ సంఘంవారు అక్కడ యుద్ధఖైదీల సమాచార కార్యాలయం తెరచినారు. చిత్రవస్తు ప్రదర్శనశాల ఒకటి అందుకు ఖాళీ చేసి ఇచ్చినారు. ప్రభుత్వాలు పంపిన ఖైదీల జాబితాలోని ఒక్కొక్క పేరుకు ఒక చీటీ. కొడుకు ఎక్కడున్నాడని తల్లి వ్రాసిన ఒక్కొక్క ఉత్తరానికి ఒక చీటీ. రెండు చీటీలు ఒకే పెట్టెలో ప్రక్క ప్రక్కన చేరిన దినాన ఒక ఇంటికి వార్త బయలుదేరేది. అట్టి చీటీలు డెబ్బది లక్షలు పోగైనవి. వ్రాసినవారిలో అధికులు జీతం లేని స్వచ్ఛంద సేవకులు. రామకృష్ణ, వివేకానందుల జీవితచరిత్రలు రచించి మనకు ఆప్తుడైన రోమా రోలా కూడ నెలల తరబడి అక్కడ బల్ల ముందు కూర్చుని ఉత్తరాలకు జవాబులు వ్రాసినాడు.

ఇక పేరే పోయినవారి సంగతి. రెండవ ప్రపంచ యుద్ధంలో సోవియట్ దేశాన లెక్కలేనంతమంది పసివారు తలిదండ్రులనుండి విడిపోయినారు. అనాథాశ్రమాలలో వారికి క్రొత్త పేర్లు పెట్టినారు, వయస్సు ముఖం చూచి ఊహించి వ్రాసినారు. ఇరువదేండ్ల తరువాత ఆ పిల్లలు పెద్దవారై, నా వారెవరని అడిగితే ఏ రిజిస్టరు చెప్పగలదు? అగ్నియా బార్తో అనే కవయిత్రి పిల్లల గేయాలకు ప్రసిద్ధురాలు. యుద్ధానంతరం ఆమె ఒక అనాథాశ్రమాన్ని గూర్చి కావ్యం వ్రాసినది. యుద్ధకాలంలో ఎనిమిదేండ్ల కూతురును పోగొట్టుకొన్న ఒక తల్లి దానిని చదివి ఆమెకు ఉత్తరం వ్రాసినది. ఆ బిడ్డ దొరికినది. ఆ సంగతి తెలిసి మరిన్ని ఉత్తరాలు వచ్చినవి. 1965లో మాస్కోలోని మయాక్ రేడియోనుండి ఆమె నెలకొకసారి ప్రసంగించనారంభించినది.

ఆమె పేర్లు అడుగలేదు. ఏమి జ్ఞాపకమున్నదో అడిగినది. కోడిపుంజు కనుబొమల నడుమ పొడిచినదని ఒకరు వ్రాసినారు. తండ్రి నీలిరంగు సైనికుల చొక్కా తొడుక్కొని వచ్చి ఆపిలు పండ్ల పొట్లం ఇచ్చినాడని మరొకరు. ఇంటి కుక్క పేరు ఒకరికి గుర్తు. ఇవి ఏ కచేరీకీ పనికిరాని వివరాలు. తల్లికి మాత్రం ఇవే సంతకాలు. కోడిపుంజు పొడిచిన దినం ఇద్దరికే తెలియును.

వినేవారు కేవలం వినేవారుగా ఉండలేదు. లెనిన్‌గ్రాడులో తాను పుట్టిన వీధి పేరు ఓకారంతో మొదలవుతుందని, దగ్గర స్నానశాల, దుకాణం ఉన్నవని ఒక యువతి వ్రాసినది. అట్టి వీధి దొరకలేదు. నగరంలోని స్నానశాలలన్నీ ఎరిగిన ఒక వృద్ధ ఉద్యోగిని వెదకి పట్టుకొన్నారు. ఒక్కొక్కటే తీసివేయగా తుదకు మిగిలినది సెర్దోబోల్స్కయ వీధి. ఓకారం మొదట లేదు, నడుమ పలుమార్లు ఉన్నది. పసి చెవికి అదే నిలిచినది. మరొకమారు నాలుగు నెలల పాపను పోగొట్టుకొన్న దంపతులకు భుజాన గులాబి ఆకారపు పుట్టుమచ్చ తప్ప మరే గుర్తూ లేదు. ఉక్రెయిన్‌లో ఒక గ్రామంవారు అది విని, అట్టి మచ్చ గల స్త్రీ తమ ఊర ఉన్నదని తెలిపినారు. సుమారు తొమ్మిదేండ్లలో 927 కుటుంబాలు ఈ విధంగా కలిసినవి.

రేడియోలో పనిచేసేవాడిని కనుక ఒక మాట అనవచ్చును. తప్పిపోయినవారి ప్రకటనలలో ఎరుపు చొక్కా, చామనచాయ, అయిదడుగుల నాలుగంగుళాలు అని చదువుతాము. నెల దినాలవరకు అది సరియే. పదేండ్లకు చొక్కా మిగలదు, ఛాయ మారుతుంది. ఏ పాట పాడేవాడు, అన్నంలో ఏది కలుపుకొనేవాడు, ఎవరిని ఏమని పిలిచేవాడు అన్నవి అడిగి వ్రాసి ఉంచుట మేలని నాకు తోచును.

జ్ఞాపకమే చెదరినవారు కూడ ఉన్నారు. 1980ల చివరలో బొంబాయిలో మానసిక వైద్యులైన భరత్ వాట్వానీ దంపతులు, వీధిలో కొబ్బరిచిప్పతో మురుగుకాలువ నీరు త్రాగుతున్న ఒక యువకుని చూచినారు. చికిత్సకు తీసుకొనిపోయినారు. మతి కుదుటపడిన తరువాత తెలిసినది, అతడు ఆంధ్రదేశంవాడు, బి.ఎస్‌సి. చదివినవాడు. ఇంటివారికి కబురు చేరినది. ఆ అనుభవంనుండి 1988లో శ్రద్ధా పునరావాస సంస్థ పుట్టినది. ఇక్కడ వెదకేది కుటుంబం కాదు. దొరికిన మనిషికి కుటుంబాన్ని వెదకుతారు. మందు పనిచేయగా ఊరి పేరో, ప్రక్క ఊరి సంతయో నోట వచ్చును. కార్యకర్త ఒకరు వెంట రైలెక్కి అతనిని ఇంటికి చేరుస్తారు, మందుల సంగతి ఇంటివారికి బోధిస్తారు. 2018లో వాట్వానీకి మెగసేసే పురస్కారం వచ్చేనాటికి ఇట్లా ఇల్లు చేరినవారు ఏడువేలకు పైబడినారు.

దొరికిన ప్రతివాడూ తిరిగి రావలెనని కోరడు. కొందరు తామే విడిచిపోయినవారు, కొందరికి వేరొకచోట భార్యాపిల్లలున్నారు. ఇంటివద్ద భూమి పంచుకొని ఉంటారు, శ్రాద్ధం పెట్టి ఉంటారు. అందువలన రెడ్‌క్రాస్‌వారు మొదట వెళ్ళేది వెదకేవారి ఇంటికి కాదు. దొరికినవాని వద్ద కూర్చుని, మీవారు వెదకుచున్నారు, మీ చిరునామా ఇవ్వమందురా అని అడుగుతారు. అతడు ఒప్పిన పిదపనే చిరునామా అందుతుంది.