టూలెట్ బోర్డు ఎవరికి?

(హిందూపురంలో కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈరోజు నేను భూమి గురించి మాట్లాడబోవడం లేదు, కూలిరేట్ల గురించీ కాదు. బాడుగ ఇంటి గురించి మాట్లాడతా. "ఇదీ ఒక సమస్యేనా" అని వెనక కూర్చున్న పెద్దాయన అనుకోవచ్చు. ఆయన గేరిలో సొంత ఇంట్లో ఉన్నాడు. ఆయన మనవరాలిని అడిగితే చెబుతుంది.

మన పిల్లలు ఊర్లో ఉండడం లేదు. శనక్కాయ పంటను నమ్ముకుంటే అప్పులే మిగిలినాయి. హిందూపురంలో గార్మెంట్స్‌కు, ధర్మవరంలో పట్టుచీరల పనికి పోతున్నారు. పెనుకొండ పక్కన ఎర్రమంచిలో కియా వాళ్లు 2019లో కార్లు తయారు చేయడం మొదలుపెట్టినాక అక్కడ బాడుగలు ఎట్ల పెరిగినాయో మీకు నేను చెప్పేపని లేదు. ఆ డబ్బు ఎట్లో ఒకట్ల కూడగట్టుకున్నా మనకు ఇల్లు దొరకదు.

ఇల్లు చూపిస్తారు. నీళ్లు ఎన్ని రోజులకొకసారి వస్తాయో చెబుతారు. అడ్వాన్సు మాట్లాడతారు. ఆఖర్న, "ఇంతకీ మీరేమోళ్లప్పా?" అంటారు. ఎస్సీలం అంటే అప్పటికప్పుడు ఒక అల్లుడు పుట్టుకొస్తాడు. "మా అల్లుడు బెంగళూరు నుంచి వస్తాన్నాడు, ఇల్లు ఆయనకే." మూడు నెలలైనా బోర్డు అట్లనే వేలాడుతుంటుంది, అల్లుడు మాత్రం రాడు. ధర్మవరంలో నాకు ఇట్లాంటి అల్లుళ్లు ఒకే వారంలో నలుగురు తగిలినారు! కొందరు కులం అడగరు, "నీసు తింటారా?" అంటారు. ఆదివారం కోడి కోసే ఇంటాయనే ఈ మాట అడుగుతాడు. మన ఉద్యోగస్తుల్లోనూ మిద్దె మీద మిద్దె కట్టి, మనోళ్లకు బాడుగకిస్తే తమ కులం వీధికి తెలిసిపోతుందని భయపడేవాళ్లున్నారు. ఇది మనం మనలో మాట్లాడుకోవాల్సిన సంగతి.

బాబాసాహెబ్ అంతటివాడు 1917లో బరోడాలో కొలువుకు పోతే ఆయనకు ఇల్లు దొరకలేదు. పార్సీల సత్రంలో పార్సీ పేరు చెప్పుకుని ఉండాల్సి వచ్చింది. పదకొండో రోజు కట్టెలు పట్టుకుని వచ్చి బయటికి పొమ్మన్నారు. ఇద్దరు స్నేహితులను అడిగితే ఇద్దరూ చోటివ్వలేదు. తోటలో కూర్చుని, రాత్రి రైలుకు బొంబాయి తిరిగిపోయినాడు.

మా అక్క కూతురు ఇదే హిందూపురంలో మిషన్ కుడుతుంది. వేరే కులం చెప్పి ఒక గది తీసుకుంది. పోయినసారి నేను పోతే గోడ మీద బాబాసాహెబ్ పటం లేదు. ట్రంకుపెట్టెలో చీరల కింద పెట్టింది. "తీసి గోడకు పెట్టుమా" అన్నాను. "పెడతా మామా. రేపు సామాన్లు రోడ్డున పడేస్తే నువ్వొచ్చి మోస్తావా? ఆ రాత్రి పిల్లను ఎక్కడ పండుకోబెట్టాల?" అంది. నా దగ్గర జవాబు లేదు. ధైర్యంగా ఉండమని చెప్పడం సులభం, ఆమెకు ఇంకో తలుపు చూపించినోళ్లం కాదు గదా మనం.

చట్టం లేదా అంటే ఉంది. 1955 పౌరహక్కుల రక్షణ చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం, అంటరానితనం పేరుతో ఏ వీధిలోనైనా సరే ఇంట్లో కాపురముండకుండా అడ్డుకోవడం నేరం. నెల నుంచి ఆరు నెలల దాకా జైలు. పన్నెండో సెక్షన్ ఇంకా ముఖ్యం. ఎస్సీ మనిషి మీద అట్లాంటి నేరం జరిగిందని తేలితే, అది అంటరానితనం వల్లనే జరిగిందని కోర్టు అనుకోవాల, కాదని నిరూపించుకునే బరువు అవతలోడిది. అయితే ఇంటాయన కులం ఎత్తడు, అల్లుణ్ని ఎత్తుతాడు. కాబట్టి ఇల్లు చూడ్డానికి ఒక్కరే పోవద్దు, ఇద్దరు పోండి. లేదన్నాక ఒక గంటకు వేరే కులం స్నేహితుణ్ని పంపించి అడిగించండి. ఇస్తామన్నారా, తేదీ, టైము, అన్న మాట అన్నమాటగా రాసిపెట్టుకోండి. అప్పుడు స్టేషన్‌లో మన ఫిర్యాదుకు కాళ్లుంటాయి.

కేసు ఒక్కటే చాలదు, కేసు నడిచేటప్పుడు కూడా పండుకోవడానికి చోటు కావాల గదా. మూడు ఊర్లలోనూ మనోళ్ల ఇండ్లు, మనకు ఇచ్చే ముస్లిం, బీసీ మిత్రుల ఇండ్లు ఎన్నున్నాయో పట్టీ తయారు చేద్దాం. సామాన్లు బయటపడితే ఆ రాత్రికే ఆటో పట్టుకుని వచ్చేవాళ్లు ఊరికి నలుగురు కావాల. పనిచేసే ఆడపిల్లలకు హాస్టలు కావాలని మున్సిపాలిటీకి, కలెక్టరుకు అర్జీ పెడదాం. అర్జీ రాసుకొచ్చినా, సంతకాలు చేసిపోండి. ఆ నలుగురిలో ఉండేవాళ్లు, ధర్మవరం నుంచి వచ్చినోళ్లు ముందు, పేర్లు చెప్పండి.