గోడకు పట్టిన బూజు

శ్రావణం వచ్చిందంటే అమీర్‌పేట, పంజగుట్ట ప్రాంతాల ఇళ్ళలో గోడలమీద నల్లని చుక్కలు తేలుతాయి. బీరువా తెరవగానే ముక్కవాసన. పెండ్లినాటి పట్టుచీర మడతల్లో తెల్లని నూగు. దీనిని మనం బూజు అంటున్నాము. సాలెగూటికీ దీనికీ ఒకే పేరు పెట్టుకొన్నందువల్ల కాబోలు, చీపురుతో దులిపితే పోతుందని చాలామంది భ్రమ. ఇది ప్రాణమున్న శిలీంధ్రం. పొడిగా ఉండగా దులిపితే, కంటికి కనబడని దాని బీజాలను గదంతా వెదజల్లినట్లే. 1928లో ఫ్లెమింగ్ గారికి పెనిసిలిన్ ప్రసాదించినదీ ఒక బూజే. అంతమాత్రాన పడకగదిలో దానికి ఆతిథ్యమివ్వనక్కరలేదు.

మా ఇంటి సంగతే చెబుతాను. అమీర్‌పేటలో మేమున్న వాటాలో ఉత్తరపు గోడకు ఏటా సంక్రాంతికి రంగు వేయించేవాళ్ళము. ఏటా వానలకు నలుపు మళ్ళీ పైకి వచ్చేది. 2020 అక్టోబరులో నగరాన్ని ముంచెత్తిన వానల తరువాత, ఆ గోడ ప్రక్కన పడుకొనే మా చిన్నవాడికి రాత్రిళ్ళు పిల్లికూతలు మొదలైనవి. వైద్యులు మందు వ్రాసి, "ముందు మంచం జరపండి, తరువాత గోడ సంగతి చూడండి" అన్నారు.

చూడడమెట్లా? జానెడు ప్లాస్టిక్ కాగితం గోడకు ఆనించి, నాలుగంచులా గాలి చొరకుండా అంటించి, రెండురోజులు ఉంచాలి. కాగితానికి గోడవైపు నీరు చేరితే చెమ్మ గోడలోనుంచి వస్తున్నదన్నమాట. గదివైపు చేరితే గాలిలోని తేమే అక్కడ చల్లబడుతున్నది. మాకు గోడవైపే చేరింది. అవతల స్నానాలగదిలో గొట్టం సన్నగా కారుతున్నది. మేస్త్రీ పగులగొట్టి చూపేవరకు నేను నమ్మనే లేదు! మూడేండ్ల రంగు ఖర్చుకంటె ఆ గొట్టానికి అయినది తక్కువ.

కారుడు ఆగిన తరువాతనే కడగడం. కిటికీలు తెరచి, ముక్కుకూ నోటికీ మాస్కు కట్టుకొని, సబ్బునీటితో గోడను ముందు తడిపి, రుద్ది, తుడిచి, పంకాక్రింద ఆరబెట్టాలి. బ్లీచింగు వాడేవారు దానిలో మరుగుదొడ్డి కడిగే ఆమ్లం ఎన్నడూ కలపరాదు, విషవాయువు పుడుతుంది. ఉబ్బిన గచ్చు తీసివేయవలసిందే. గోడ పూర్తిగా ఆరడానికి వారాలు పడుతుంది. అంతవరకు రంగు జోలికి పోరాదు. మేము వెల్ల వేయించాము. సున్నపు క్షారగుణం బూజుకు గిట్టదు, పైగా గోడలోని తేమ బయటికి పోనిస్తుంది. ప్లాస్టిక్ రంగు దానిని లోపలే బంధిస్తుంది.

ఇక గాలిలోని తేమ మాట. పడకగదిలో తాడుకట్టి తడిబట్టలు ఆరవేయకండి. బీరువాను గోడకు జానెడు ఎడంగా జరపండి. వాన వెలిసినప్పుడు ఎదురెదురు కిటికీలు తీయండి.

మా ఉత్తరపు గోడ ఇప్పుడు తెల్లగానే ఉన్నది. అయినా చిన్నవాడి మంచాన్ని వాళ్ళమ్మ మళ్ళీ అటు జరపనివ్వలేదు.