పేరు దొరకని జాతర

సంక్రాంతి దినములలో మా మేనల్లుని వెంటబెట్టుకొని, వరంగల్లు చెంతనున్న ఐనవోలు మల్లన్న జాతరకు పోయితిని. ఒక అంగడిలో పేర్లు వ్రాసిన తాళపుచెవుల గొలుసులు వ్రేలాడుచుండెను. రాజు, రవి, శ్రీను, లక్ష్మి - అందరును గలరు. మావాడు రెండుమారులు వెదకి, "మామా, నా పేరు లేదు" అని చిన్నబోయెను. వాని పేరు ఐలయ్య.

ఐనవోలును జనులు ఐలోని యందురు. ఐలయ్య అనునది ఆ ఐలోని మల్లన్న పేరే. కొమురవెల్లి మల్లన్నను గొల్చువారి యిండ్లలో కొమురయ్యలును, మేడారపు తల్లులకు మ్రొక్కినవారి యిండ్లలో సమ్మక్కలును ఇట్లే కలిగిరి. స్వామి జాతరలోనే స్వామి పేరు కరవయ్యెను!

అంగడివానిని తప్పుపట్టరాదు. ఒకరి పేరున్న వస్తువు మరొకరికి పనికిరాదు. కావున తయారుచేయువారు అన్ని ఊళ్ళలోను అమ్ముడుపోవు పేర్లనే వ్రాయింతురు.

"నా పేరు మంచిది కాదా?" అని పిల్లవాడడిగెను. 1946 జూలై 4న కడవెండిలో దేశముఖు మనుషుల తుపాకిగుండ్లకు నేలకొరిగిన దొడ్డి కొమురయ్యను గూర్చి చెప్పితిని. పాలకుర్తిలో తన పంటను దొరకు విడువని చాకలి ఐలమ్మను గూర్చి చెప్పితిని. 2024లో హైదరాబాదు కోఠీలోని మహిళా విశ్వవిద్యాలయమునకు ఆమె పేరే పెట్టిరి.

వాడు వినెనే కాని, ముఖము విప్పారలేదు. తిరుగుదారిలో ఒక గిన్నెల దుకాణమున స్టీలు గ్లాసు కొంటిని. దుకాణదారు పేరడిగి, క్షణములో దానిపై 'ఐలయ్య' అని చెక్కి యిచ్చెను.

ఇప్పుడా గ్లాసును మా యింట మరెవ్వరును ముట్టరాదు.