జాతీయత గడి వద్ద ఆగిన దరఖాస్తు
(ఒక విద్యా సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



విద్య గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. దాని గొప్పతనం మీకు నేను చెప్పనక్కరలేదు. ఒక కుర్రవాడి దరఖాస్తు గురించి చెబుతాను. అతని పేరు మాత్రం చెప్పను. చెబితే అతనికి మేలు కంటే కీడే ఎక్కువ.

నేను 34 ఏళ్లు ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేశాను. ఆదాయం, కులం, నివాసం, ఏ ధ్రువీకరణ పత్రమైనా నా బల్ల మీదుగానే పోయేది. పదవీ విరమణ తరువాత శుక్రవారం నమాజు అయ్యాక మసీదు వరండాలో కూర్చుని అడిగిన వారికి దరఖాస్తులు నింపిపెడుతున్నాను. మూడేళ్ల క్రితం ఒక శుక్రవారం ఆ కుర్రవాడు పాలీసెట్ దరఖాస్తు ముద్రించుకొని వచ్చాడు. అన్ని గడులూ చక్కగా నింపాడు. ఒక్కటే ఖాళీగా ఉంది.

"చాచా, ఈ గడిలో ఏం రాయాలి?" అన్నాడు. అది జాతీయత గడి.

అతడు రోహింగ్యా. బర్మాలో 1982 నాటి పౌరసత్వ చట్టం అతని జాతిని పౌరుల లెక్కలోంచి తీసివేసింది. 2012లో రఖైన్‌లో ఇళ్లు తగలబడినప్పుడు అతనికి ఆరేళ్లు. బంగ్లాదేశ్ మీదుగా కుటుంబం హైదరాబాదు చేరి, బాలాపూర్ వైపు ఒక బస్తీలో రేకుల షెడ్డులో స్థిరపడింది. తండ్రి పాత ఇనుము, ప్లాస్టిక్ ఏరి అమ్ముతాడు. పిల్లవాడు సర్కారు బడిలో ఉర్దూ మీడియంలో చదివాడు, తెలుగు వీధిలో నేర్చాడు. బడిలో ఆలస్యంగా చేరినందున పదో తరగతి పూర్తయ్యేసరికి పదిహేడేళ్లు వచ్చాయి.

కంప్యూటర్ల మీద మోజు ఎలా కలిగిందని అడిగాను. సెలవుల్లో ఒక సెల్‌ఫోన్ మరమ్మతుల దుకాణంలో పనిచేశాడట. విడిభాగాలన్నీ బాగున్నా కొన్ని ఫోన్లు పనిచేయవు, లోపల ఉన్న ప్రోగ్రామ్ చెడిపోతే అలా అవుతుందని యజమాని చెప్పాడు. కంటికి కనిపించని ఆ వస్తువును ఎవరు రాస్తారన్న ప్రశ్న అతన్ని వదలలేదు. అద్దం పగిలిన ఫోనులో ఐఐటీ ఆచార్యులు చెప్పే ఎన్‌పీటీఈఎల్ పాఠాలు ఉచితంగా విన్నాడు, ఆ ఫోనులోనే ప్రోగ్రాములు రాశాడు. మొదటి పెద్ద ప్రోగ్రామ్ ఏమిటో తెలుసా? బస్తీకి నీళ్ల ట్యాంకరు వచ్చినప్పుడు ఏ ఇంటి వంతు ఎప్పుడో చూపే జాబితా. దానివల్ల బిందెల దగ్గర తగవులు కొంత తగ్గాయని అతని తల్లి నాతో అన్నది.

పాలీసెట్ రాసి కంప్యూటర్ ఇంజనీరింగ్ డిప్లొమాలో చేరితే, ఆపై ఈసెట్ ద్వారా బీటెక్ రెండో సంవత్సరంలో అడుగుపెట్టవచ్చు. పేదింటి పిల్లలకు ఇంతకంటే చవకైన దారి నాకు తెలియదు. అయితే పాలీసెట్‌కు అభ్యర్థి భారత పౌరుడై ఉండాలి. ఆ రోజు దరఖాస్తు మడిచి అతని చేతికే ఇచ్చాను. ఒక కళాశాల పెద్దమనసుతో ఇంటర్ ఎంపీసీలో చేర్చుకున్నది. రెండేళ్ల తరువాత ఎప్‌సెట్ వచ్చింది. అక్కడ భారత పౌరులు కాకపోతే విదేశాల్లోని భారత సంతతివారికి అవకాశం ఉంది. ఇతడు ఆ రెండూ కాడు. విదేశీ విద్యార్థుల కోటాకు పాస్‌పోర్టు కావాలి. ఏ దేశమూ తన వాడనని మనిషికి పాస్‌పోర్టు ఎవరిస్తారు? అతని దగ్గర ఉన్నది ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ ఇచ్చిన కార్డు ఒక్కటే. మన దేశం 1951 శరణార్థుల ఒప్పందంలో చేరలేదు గనుక మన కార్యాలయాల్లో ఆ కార్డుకు పెద్దగా విలువ లేదు.

చట్టం పూర్తిగా చేయి వదలలేదు. రాజ్యాంగం 21-ఎ అధికరణం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలందరికీ విద్య అన్నది, పౌరుల పిల్లలకే అనలేదు. 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కూడా రోహింగ్యా పిల్లలు బడులను ఆశ్రయించవచ్చని, నిరాకరిస్తే హైకోర్టుకు వెళ్లవచ్చని చెప్పింది. కాని పద్నాలుగు దాటినవాడికి ఆ అధికరణం తోడు రాదు.

ఇక్కడ ఒక ప్రమాదం జరగబోయింది. అది మీరంతా వినాలి. ఒక దళారి వచ్చి, కొంత సొమ్ము ఇస్తే ఆధార్ చేయించి పెడతానన్నాడు. మనవాళ్లలో కొందరు మంచివారే, "చేయించుకో బాబూ, ఎవరికి తెలుస్తుంది" అన్నారు. అలాంటి పత్రాలతో పట్టుబడి జైలుకు వెళ్లినవారి వార్తలు మీరూ చదివారు. కాగితాలతోనే బతికినవాణ్ణి చెబుతున్నాను, తప్పుడు కాగితం ఎక్కడో ఒక దస్త్రంలో పడుకుని ఉంటుంది, అవసరం వచ్చినప్పుడు లేస్తుంది. ఆ రాత్రి అతని ఇంటికి వెళ్లి తండ్రితో రెండు గంటలు వాదించాను. తండ్రి కోపంతో, "సాబ్, నిజం కాగితం మీరు ఇప్పిస్తారా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. కుర్రవాడే "వద్దు అబ్బా" అన్నాడు.

మరి మిగిలిన దారులేవి? శరణార్థి విద్యార్థులకు 1992 నుంచి జర్మనీ సహాయంతో నడుస్తున్న డాఫీ ఉపకారవేతనం ఉంది. దానికి ఐన్‌స్టీన్ పేరు పెట్టారు, ఆయనా దేశం విడిచి వచ్చినవాడే. అయితే అది రుసుము కడుతుంది గాని సీటు ఇప్పించదు. ఢిల్లీలో తస్మిదా జోహార్ అనే రోహింగ్యా యువతి 2022లో ఢిల్లీ విశ్వవిద్యాలయం పట్టా పొందింది. అంటే దారి బొత్తిగా మూసుకుపోలేదు. ప్రవేశపరీక్షతో నిమిత్తం లేకుండా స్వయంగా ప్రవేశం ఇవ్వగల సంస్థ ఒకటి ఒప్పుకోవాలి. బీటెక్ కాకపోతే బీసీఏ, అదీ కాకపోతే బీఎస్సీ కంప్యూటర్స్ అయినా సరేనంటున్నాడు.

"మన పిల్లలకే సీట్లు లేవు, వీళ్లకెందుకు?" అని కిందటి సమావేశంలో ఒక సోదరుడు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. మన నాలుగు శాతం బీసీ-ఇ కోటాలో ఒక్క సీటు కూడా నేను అడగడం లేదు, అతనికి అది వర్తించదు కూడా. కాని ఉద్యోగంలో ఉండగా నేనే ఎందరినో ఒక్క కాగితం తక్కువైందని తిప్పి పంపాను. వారిలో మనవాళ్లే ఎక్కువ. కిటికీకి అవతల నిలబడితే ఎలా ఉంటుందో ఆ కుర్రవాడి పక్కన నిలబడ్డాకే నాకు తెలిసింది.

వచ్చే సోమవారం మేము ఒక కళాశాలకు వెళుతున్నాము. పదో తరగతి, ఇంటర్ మార్కుల జాబితాలు, శరణార్థి కార్డు నకలు, ఉపాధ్యాయుడి ఉత్తరం, ట్యాంకరు ప్రోగ్రామ్ ముద్రించిన నాలుగు పుటలు సిద్ధం చేశాను. వారు కాదంటే తరువాత ఎక్కడికి వెళ్లాలో ఇంకా తేలలేదు. కళాశాలలు నడిపే పెద్దలు ఈ సభలో ఇద్దరు ఉన్నారని అధ్యక్షులు చెప్పారు. భోజనాలకు ముందు నాకు ఐదు నిమిషాలు ఇవ్వండి. ఫైలు నా సంచిలోనే ఉంది.