ఎండతో విషపు నీటికి విరుగుడు

(పాల సంఘాల సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



క్యాన్లు కడిగిన నీళ్లను ఏం చేస్తారని సభ్యులు మమ్మల్ని అడుగుతుంటారు. తొట్లలో నిలిపి, గాలి పట్టించి, సూక్ష్మజీవులకు వదులుతాం. పాల నీళ్లు వాటికి మంచి మేత. కాని పురుగుమందులు, అద్దకపు రంగులు చాలావరకు వాటికి అరగవు. మందు ఘాటుకు అవే చచ్చిపోవచ్చు. డి.డి.టి. వంటి పాత మందులు పశువు కొవ్వులో చేరి, పాల వెన్నలోకి దిగుతాయి. కనుక ఇది మనకు సంబంధం లేని సంగతి కాదు.

గోడల రంగుల్లో టైటానియం డయాక్సైడ్ అనే తెల్లని పొడి ఉంటుంది. మన భీమునిపట్నం తీరపు ఇసుకలోనూ టైటానియం ఖనిజం ఉంది. ఈ పదార్థంపై వెలుతురు పడితే నీరు హైడ్రోజన్, ఆక్సిజన్‌గా విడిపోతుందని 1972లో జపాను శాస్త్రజ్ఞులు ఫుజిషిమా, హోండా ప్రకటించారు. తరువాతివారు ఆ శక్తిని మురికినీటిపైకి మళ్లించారు. అతినీలలోహిత కిరణాలు తగిలితే ఆ పొడి నీటినుండి మహా చురుకైన హైడ్రాక్సిల్ కణాలను పుట్టిస్తుంది. అవి విషపు అణువును తునాతునకలు చేసి, చివరకు బొగ్గుపులుసు వాయువు, నీరు, కొద్ది లవణాలుగా మారుస్తాయి. పొడి మాత్రం తరగదు. పాలలో వేసిన చేమిరిలాంటిదే గదా అనకండి. చేమిరి పెరుగులో కలిసిపోతుంది, ఇది విడిగానే మిగులుతుంది.

స్పెయిన్‌లోని అల్మేరియా ప్రాంతంలో ప్లాస్టిక్ పందిళ్ల కింద కూరగాయలు పండిస్తారు. మందు డబ్బాలు గుట్టలుగా పోగవుతాయి. వాటిని కడిగిన నీటిని ఎండలో గాజు గొట్టాలగుండా తిప్పి శుద్ధిచేసే పద్ధతులను అక్కడి సౌరశక్తి పరిశోధన కేంద్రం పరీక్షించింది. ఈ పొడితోనూ చేశారు, ఇనుప లవణంతోనూ చేశారు.

అయితే చిక్కులున్నాయి. ఎండలో ఈ పొడికి పనికొచ్చే కిరణాలు నూటికి అయిదు పాళ్లు మించవు. నీరు మడ్డిగా ఉంటే అవీ లోపలికి దిగవు. పని ముగిశాక పొడిని వడగట్టడం మరో ఖర్చు. పాల నీళ్లయితే తెలుపుతో వెలుగునే అడ్డగిస్తాయి. కణాల బలమంతా వెన్న మీదే వృథా అవుతుంది. అందుచేత మన శీతలీకరణ కేంద్రాలకు ఇది వద్దనే మా అభిప్రాయం. సూక్ష్మజీవులే చవక.

మరి గేదెలు తాగే చెరువు మాటేమిటి? అక్కడ గాజు గొట్టాలు లేవు. ఖాళీ మందు డబ్బాను కాలువలో కడగవద్దు. మందు కలిపేటప్పుడే మూడుసార్లు తొలిచి, ఆ నీళ్లను పిచికారీ ట్యాంకులోనే పోయండి. తరువాత డబ్బాకు చిల్లులు పొడవండి. లేకుంటే ఎవరో ఒకరు దాన్ని నీళ్లకో, పాలకో వాడతారు.