పటము చూసి పొలము కొనవచ్చునా?
(మన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను రెవెన్యూ శాఖలో ముప్పై ఏళ్లకు పైగా గుమాస్తాగిరీ చేసినవాడిని. పటాలు, హద్దులు, సర్వే నంబర్ల మధ్యనే నా సర్వీసంతా గడిచింది. అందుచేత సామర్లకోట జంక్షన్‌లో కూర్చుని అమెరికా రైలు పటాల గురించి మాట్లాడుతున్నానని ఆశ్చర్యపోకండి. ఆ కథలో మనకు పనికివచ్చే సంగతి ఒకటుంది.

1850 నుంచి అమెరికా ప్రభుత్వం రైలు మార్గాలు వేయించడానికి కంపెనీలకు భూములిచ్చింది. 1864లో అనుమతి పొందిన నార్తర్న్ పసిఫిక్ కంపెనీకి సుమారు 4 కోట్ల ఎకరాలు రాశారు. లైనుకు ఇరువైపులా చదరంగపు బల్లలాగా ఒక గడి కంపెనీది, పక్క గడి ప్రభుత్వానిది. గడికి 640 ఎకరాలు. అక్కడి మూలవాసులను వెనక్కి నెట్టి సంపాదించిన నేల అది. రైతులు వచ్చి స్థిరపడకపోతే టిక్కెట్టు కొనేదెవరు, బండికి ధాన్యం వేసేదెవరు? అందుకని కంపెనీలు ఐరోపాలో ఏజెంట్లను పెట్టి, అక్కడి భాషల్లో పటాలు, కరపత్రాలు అచ్చువేసి పంచాయి. 1873లో డకోటాలోని ఒక ఊరికి ఏకంగా జర్మనీ ఛాన్సలర్ బిస్మార్క్ పేరు పెట్టారు. జర్మన్ల పెట్టుబడి వస్తుందని ఆశ!

ఇక ఆ పటాల తీరు చూడండి. తమ లైను లావుగా, తిన్నగా ఉంటుంది. వంకర్లు తిరిగే దారి కూడా పటంలో తిన్ననే. పోటీ కంపెనీ లైను సన్నని గీత, లేదా అసలే ఉండదు. 1872లో బర్లింగ్టన్ కంపెనీ అయోవా, నెబ్రాస్కా భూములకు పదేళ్ల వాయిదా, 6 శాతం వడ్డీ అని ప్రకటన వేసింది. నాగలి కదిలితే వాన దానంతటదే వస్తుందని నమ్మబలికినవారూ ఆ రోజుల్లో ఉన్నారు. 1890 ప్రాంతంలో కరవులు వచ్చేసరికి కాన్సాస్, నెబ్రాస్కా పడమటి భాగాల నుంచి ఎన్నో కుటుంబాలు బళ్లు కట్టుకుని వెనుదిరిగాయి.

అందరూ దెబ్బతినలేదు. దక్షిణ రష్యాలోని మెనోనైట్ క్రైస్తవ రైతులు 1873లో పన్నెండుగురు పెద్దలను ముందుగా పంపి నేల చూపించుకున్నారు. 1874 నుంచి కుటుంబాలు కదిలాయి. కాన్సాస్‌లో శాంటా ఫే కంపెనీ భూములు కొన్నవారు గోధుమ పండించి నిలదొక్కుకున్నారు.

మరి మనవాళ్లో? వారికి పటం కూడా లేదు. మేస్త్రీ మాటే పటం. ఇక్కడ బండి మారి, కాకినాడ రేవులో స్టీమరెక్కి రంగూను వెళ్లిన కూలీలెందరో! మన కోరంగి రేవు పేరుమీద బర్మాలో తెలుగువారిని 'కోరంగీలు' అనేవారు. మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు అప్పై మెడకు చుట్టుకునేది. 1930 మే నెలలో రంగూను రేవు పని విషయమై చెలరేగిన గొడవల్లో మనవాళ్లు ఎందరో చనిపోయారు. 1941 డిసెంబరులో జపాను బాంబులు పడ్డాక, కొండదారుల వెంట కాలినడకన బయలుదేరినవారిలో వేలమంది దారిలోనే ప్రాణాలు విడిచారు. బాంబుల సంగతి మేస్త్రీకి తెలియదు, సరే. అప్పు ఎన్నేళ్లకు తీరుతుందో తెలుసు కదా! అది చెప్పలేదు.

ఇప్పుడు మన దగ్గరకొద్దాం. గ్రాట్యుటీ, కమ్యూటేషన్ సొమ్ము చేతికి రాగానే రంగురంగుల బ్రోచర్లు గుమ్మంలోకి వస్తాయి. రోడ్డు లావుగా, తిన్నగా ఉంటుంది. స్టేషను పది నిమిషాలే. పక్కనే 'ప్రతిపాదిత' అని చీమతలకాయంత అక్షరాలు. నాకు తెలిసిన ఒక రిటైర్డు మాస్టారు అలా కొన్న స్థలంలో వానాకాలం నడుంలోతు నీరు నిలుస్తుంది. భార్య ఆపరేషనుకు డబ్బు అవసరమై అమ్మబోతే కొనే నాథుడు లేడు.

కాబట్టి సర్వే నంబరు అడగండి. ఎఫ్.ఎం.బి. స్కెచ్చి, అడంగల్, సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఈ.సి. చూడండి. లేఅవుట్ అనుమతి, రెరా నంబరు అడగండి. వానలు పడ్డాక ఒకసారి వెళ్లి చూడండి. మోకాళ్లు సహకరించకపోతే నమ్మకమైన మనిషిని పంపండి. వారు సముద్రం దాటించి పన్నెండుగురిని పంపారు. మనం పక్క మండలానికి ఒక్కరిని పంపలేమా?