పాత జీపు పోషణము

(గోరిమేడులో మన సంఘ సభ్యుల యెదుట చేసిన ప్రసంగ పాఠము)



మన సంఘ సమావేశములలో సాధారణముగా సాహిత్యమును గూర్చియో, సంగీతమును గూర్చియో ప్రసంగములు జరుగును. ఈ సాయంకాలము పాత జీపును గూర్చి మాటలాడుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. నేను యంత్రశాస్త్రము చదివినవాడను కాను. కళాశాలలో చరిత్ర చదివి, సచివాలయములో దస్త్రముల నడుమ ఇరువది యేండ్లు గడపినవాడను. అయినను శని ఆదివారములలో ఒక పాత జీపు క్రింద పరుండి నేర్చికొన్న నాలుగు సంగతులు, బండి నడపు పెద్దలకును, అందు కూర్చుండు పిల్లలకును ఉపయోగపడునను నమ్మకముతో మీ ముందు నిలిచితిని.

జీపు మనకు క్రొత్తది కాదు. రెండవ ప్రపంచయుద్ధమున, 1941 మొదలుకొని, అమెరికా సైన్యమునకై విల్లీసు, ఫోర్డు కంపెనీలు దీనిని లక్షల సంఖ్యలో నిర్మించినవి. యుద్ధానంతరము మన దేశమున మహీంద్రా సంస్థవారు విల్లీసు భాగములను తెప్పించి, బొంబాయిలో కూర్చి అమ్మసాగిరి. ఈ సంస్థ 1945లో స్థాపితమై 1948లో నేటి పేరు పొందినది. 1952 అక్టోబరు 2వ తేదీన సమాజాభివృద్ధి పథకము ప్రారంభమైన పిదప, పల్లెలో జీపు చప్పుడు వినబడినచో బ్లాకు ఆఫీసరుగారు వచ్చిరని అర్థము. పాడేరు, అరకు మన్యములలో సంతకు పోవు జనమును మోసినదియు జీపే.

అట్టి జీపు మన కార్యాలయముల నుండి ఇటీవలనే సెలవు పుచ్చుకొన్నది. పదునైదేండ్లు నిండిన ప్రభుత్వ వాహనములకు రిజిస్ట్రేషను పొడిగింపరాదను నియమము 2023 ఏప్రిలు 1 నుండి అమలులోనికి వచ్చినది. సొంతదారుల బండ్లకు మాత్రము, తనిఖీలో నెగ్గినచో, అయిదేండ్ల చొప్పున పొడిగింపు లభించును. కావున మన ఇండ్లలోని పాత జీపునకు ఇంకను ఆయువు కలదు. ఆ ఆయువును ఎట్లు కాపాడవలెను, ఎంతవరకు కాపాడవలెను అన్నదే నేటి ప్రశ్న.

పాత జీపు కొన్న పడుచువారు మొట్టమొదట చేయు పని ఏమి? పెద్ద టైర్లు, ముందు ఇనుప గార్డు, పైన వరుసగా దీపములు. ఇది పైన పటారము, లోన లొటారము. టైరు పెద్దదైనచో బండి ఎత్తు పెరిగి మలుపులలో ఒరగును. స్పీడోమీటరు అసలు వేగముకంటె తక్కువ చూపును. బ్రేకులపై భారము హెచ్చును. చట్టము కూడ ఇందుకు అనుకూలము కాదు. ముందు గార్డులు తగవని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులో రాష్ట్రములకు వ్రాసినది. తయారీదారు నిర్ణయించిన నమూనాకు విరుద్ధముగా బండిని మార్చరాదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో తీర్పు చెప్పినది.

నా మతమున క్రమము ఇది: మొదట ఆగుట, తరువాత తిరుగుట, పిమ్మట నడచుట, అన్నిటికంటె చివర అలంకారము. ఈ క్రమమున నెలలోని నాలుగు శనివారములను నేను పంచుకొన్నాను.

మొదటి శనివారము బ్రేకులది. మా బండికి నాలుగు చక్రములకును డ్రమ్ము బ్రేకులే. డ్రమ్ములు విప్పి, దుమ్ము తుడిచి, లైనింగు అరుగుదల, సిలిండర్ల కారుడు చూడవలెను. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకొనును. తేమ చేరిన ఆయిలు వేడికి మరిగి, సరిగా అవసరమైన వేళ పెడలు మెత్తబడును. కనుక రెండేండ్ల కొకమారు దానిని మార్చవలెను.

రెండవ శనివారము గ్రీజుది. స్టీరింగు జాయింట్లు, ప్రొపెల్లరు షాఫ్టు క్రాసులు, కమానుకట్టల పిన్నులు, వీనిలో దేనికి గ్రీజు అందకున్నను అది ముందు కిర్రుమనును, తరువాత విరుగును. మూడవ శనివారము నూనెలది. ఇంజనుతోపాటు గేరుపెట్టె, ముందు వెనుక హౌసింగులు కూడ చూడవలెను. అందలి నూనె పాలవలె తెల్లబడినచో నీరు చేరినదని తెలియవలెను.

నాలుగవ శనివారము తుప్పుది. గోరిమేడు ఎఱ్ఱమట్టి చాసీ మూలలలో చేరి, వానకు తడిసి, ఎండినను లోపల చెమ్మ వదలదు. సముద్రపు గాలి దానికి తోడగును. బండి అడుగుభాగమును మంచినీటితో కడిగి, ఆరబెట్టి, తుప్పు గీకి, రంగు వేయవలెను. అడుసు త్రొక్కనేల, కాలు కడుగనేల అందురు; జీపు కొన్నవాడు రెంటికిని సిద్ధపడవలెను. ఇక్కడ ఒక హెచ్చరిక: జాకీపై మాత్రమే నిలిపిన బండి క్రిందికి ఎన్నడును దూరరాదు. గట్టి స్టాండ్లు పెట్టి, చక్రములకు అడ్డుకట్టలు వేసిన పిమ్మటనే దూరవలెను.

ఎండిన తారురోడ్డుపై ఫోర్ వీలు వేయరాదు. మలుపులో ముందు చక్రములు వెనుకవానికంటె ఎక్కువ దూరము తిరుగును. ఆ తేడా పోవు దారిలేక షాఫ్టులు మెలిపడును. బురదలోను, ఇసుకలోను చక్రము కొంత జారుటచే ఆ తేడా తీరిపోవును.

మెరుగులు అసలే వలదని నా అభిప్రాయము కాదు. సీటు బెల్టులు బిగించుట, హెడ్‌లైట్లకు రిలే పెట్టి పాత బల్బులనే ప్రకాశింపజేయుట, వయస్సు మీరిన టైర్లు మార్చుట మెరుగులే. టైరు ప్రక్కన అచ్చయిన చివరి నాలుగంకెలు దాని పుట్టుక తెలుపును: 2319 అని యున్నచో 2019వ సంవత్సరము ఇరువది మూడవ వారమున తయారైనదని అర్థము.

ఈ శ్రమయంతయు ఎందులకని మా ఇంటిలో ప్రశ్న లేకపోలేదు. “ఏమండీ, మీకు శనివారమైతే పెండ్లాము బిడ్డలు కనబడరు, ఆ బండియే కనబడును” అని మా ఆవిడ అనుచుండెడిది. 2024 నవంబరు 30వ తేదీ రాత్రి ఫెంగల్ తుపాను పుదుచ్చేరి దగ్గర తీరము దాటినది. ఒక్క దినములో నలుబది సెంటీమీటర్లకు పైగా వాన కురిసి పల్లపు వీధులు మునిగినవి. మరునాడు అట్టి వీధియొకదాని నుండి వృద్ధ దంపతులను మా బండిలో ఎక్కించుకొని వచ్చితిమి. నీరు దాటి రోడ్డెక్కగానే పెడలు నొక్కిన బ్రేకు పట్టలేదు. తడిసిన డ్రమ్ముల స్వభావమే అది. నడక వేగమున పోవుచు పలుమార్లు పెడలు మెల్లగా అదిమితిని. రాపిడి వేడికి లైనింగు ఆరి, నాలుగు చక్రములును సమముగా పట్టినవి. ఒక ప్రక్క సిలిండరు కారుచుండినచో బండి ఎటు లాగి యుండెడిదో చెప్పనక్కరలేదు. ఆనాటి నుండి శనివారములను గూర్చి మా ఇంటిలో ఆక్షేపణ లేదు. మా ఆవిడయే టార్చి పట్టుకొనుచున్నది.

అయినను మమకారమునకు హద్దు ఉండవలెను. చాసీ తుప్పుతిని చిల్లులు పడినను, స్టీరింగు, బ్రేకుల భాగములు నమ్మదగినవి దొరకకున్నను, ఆ బండిలో ఇతరుల ప్రాణములను కూర్చుండబెట్టు హక్కు మనకు లేదు. అట్టిదానిని ప్రభుత్వ గుర్తింపుగల తుక్కు కేంద్రమునకు అప్పగించి, ధ్రువపత్రము తీసికొని, రిజిస్ట్రేషను రద్దు చేయించుటయే కర్తవ్యము. ఏబది యేండ్లు దాటి, అసలు రూపము చెడనివానికి 2021 నియమముల క్రింద వింటేజి రిజిస్ట్రేషను కలదు. కాని అవి ప్రదర్శనలకే గాని నిత్యప్రయాణమునకు కావు.

చివరిగా, ఆఫీసు వారము కనుక ఒక్క మాట. బండికొక నోటుపుస్తకము పెట్టి, తేదీ, కిలోమీటర్లు, చేసిన పని, అయిన ఖర్చు వ్రాయుడు. ఏటి చివర ఆ దస్త్రము తిరుగవేసినచో బండిని ఉంచవలెనో విడువవలెనో అదియే చెప్పును.